రెచిడ్ (wretched) అనే ఇంగ్లీషు విశేషణానికి ఒక ఉద్యోగి విన్నపం

మహారాజశ్రీ రెచిడ్ గారికి,

నమస్కారాలతో రాయునది. నిన్న మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా, మీ పుణ్యాన, హైటెక్ సిటీలో ఒక గాజు గదిలో కూర్చున్నాను. జీతం పెంచమని రాసిన ఉత్తరంలో మిమ్మల్ని వాడడమే నా నేరం. 'నా రెచిడ్ జీతాన్ని దయతో పరిశీలించగలరు' అన్నాను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం కొన్న నిఘంటువులో మీ పక్కన మొదటి అర్థం 'దయనీయమైన' అని ఉంది. పాత యజమాని ఎవరో దాని కింద ఎర్ర సిరాతో గీత గీశాడు. ఆ గీతను నమ్ముకున్నాను. 'నీచమైన' అన్న అర్థం పేజీ తిప్పితే ఉందట. తిప్పలేదు.

నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన మేనేజరు తిప్పాడు.

"కంపెనీ ఇచ్చే జీతాన్ని తిడుతున్నారా?"

"లేదు సార్, జాలిపడమంటున్నాను."

"ఏదీ, ఆ మాట ఒకసారి పైకి చదవండి."

'రెచ్డ్' అన్నాను, టచ్డ్ అన్నట్టే. గాజు గోడ అవతలివాళ్లు కూడా నవ్వారు.

అయ్యా, తల దగ్గర డబ్ల్యూ ఉండీ పలకదు. తోక దగ్గర నోరు మూసుకోవలసిన 'ఈడీ' మాత్రం గొంతెత్తుతుంది. తోక తీసేసి రెచ్ అంటే, డోకుకు అదే పలుకున్న retch ఒకటి ఉంది గనక, వినేవాడికి డోకు వచ్చిందని అర్థమవుతుంది. మీ దాయాది మిజరబుల్ ఇంట్లోనూ ఇదే తంతు: లాటిన్‌లో అభాగ్యుడైన మిసెర్, ఇంగ్లీషులోకి వచ్చి మైజర్ అనే పిసినారిగా స్థిరపడ్డాడు. మా జీతాల విభాగంలో ఆయన వంశం ఇప్పటికీ వర్ధిల్లుతోంది.

అవన్నీ పోనివ్వండి. 'అయ్యో'కూ 'ఛీ'కీ కలిపి ఒకే మాటా? పాత ఇంగ్లీషులో మీ పూర్వీకుడు వ్రెచ్చ. అప్పట్లో డబ్ల్యూ పలికేది కూడా. దేశం నుంచి వెళ్లగొట్టిన మనిషి అని అర్థం. గూడు లేనివాణ్ణి చూసి ముందు అయ్యో అన్నారు, తర్వాత ఛీ అన్నారు, చివరికి దొరకని తాళంచెవిని కూడా ఆ పేరుతోనే తిట్టారు. అదే వేరు నుంచి పుట్టిన రెకె జర్మన్‌లో వీరుడయ్యాడు! ఊరు వదిలి తిరిగినవాణ్ణి వాళ్లు వీరుడంటే మీవాళ్లు వెధవన్నారు. నా జీతం జర్మన్‌లో అడిగి ఉంటే పెరిగేదేమో. రెండు నాలుకల దానివి, నీకు 'గారు' ఒకటా!

ఈ కోపంతోనే వానలో అమీర్‌పేటలో మెట్రో దిగాను. మెట్ల మీదే గొడుగు తిరగబడి రెండు ఊచలు ఊడాయి. గుమ్మంలో మా ఆవిడ చూసి, "ఆ దిక్కుమాలిన గొడుగును ఇంకా మోస్తున్నారా?" అంది.

తడిసిన చెప్పుతో అక్కడే నిలబడిపోయాను. దిక్కు లేనివాడి మాటేగా ఇదీ? దిక్కుమాలిన గొడుగు, దిక్కుమాలిన ట్రాఫిక్, దిక్కుమాలిన కరెంటు. చేసిన తప్పూ పాపమే, పడిన జాలీ పాపమే. అంటే ఇన్నేళ్లుగా తెలుగులో నిన్నే పలుకుతున్నాను, ఒక్క అక్షరం తప్పకుండా. ఆ సంగతి మధ్యాహ్నం గాజు గదిలో గుర్తుకు రాకూడదూ?

సోమవారంలోగా ఉత్తరం తిరగరాసి ఇవ్వాలి. జీతం అన్న మాట ముందు ఖాళీ వదిలాను. కావాలంటే వచ్చి కూర్చో. ఆ డబ్ల్యూను మాత్రం చెప్పులు విడిచినట్టు గుమ్మం బయట విడిచి రా.

ఇట్లు,
పాత జీతంతోనే,
నీ బాధితుడు