కార్పెట్ తెల్లబడేదాకా

బెంగళూరులో మారతహళ్లి అవతల ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరైనా నిలబడి "ఏమండీ" అని కేకేస్తే ముగ్గురు నలుగురు వెనక్కి తిరుగుతారు. మా దగ్గర అలా తిరిగేవాళ్లందరినీ నెలకోసారి క్లబ్‌హౌస్‌లో పోగేసి పులిహోర పెట్టించే బాధ్యత మా సెక్రటరీగారు నెత్తినేసుకున్నారు. పులిహోరకి ముందు ఒక ఉపన్యాసం ఉంటుంది. అది వింటేనే ఇది పెడతారు. మొన్న ఆదివారం అంశం "డిజిటల్ మీడియా, టీవీ - యువతపై ప్రభావం". వక్తని నేను. ఎందుకు నేనంటే, లిఫ్టులో దొరికాను.

"ఇరవై నిమిషాలు చాలు సార్. ఈ పిల్లలకి కాస్త గట్టిగా గడ్డి పెట్టండి" అన్నారు.

టీవీ రిమోట్ అడిగాను. పిల్లలు పోగొడతారని వాళ్లింట్లో బీరువాలో పెట్టి తాళం వేశారట. "మీ ఫోన్‌లోంచి వేసెయ్యండి సార్, వైఫై పాస్‌వర్డ్ నోటీసు బోర్డు మీదే ఉంది" అన్నారు. అంటే ఆ పాస్‌వర్డ్ హాల్లో ఉన్న అందరి దగ్గరా ఉందన్నమాట. ఆయనకది తట్టలేదు.

మొదలు బాగానే పెట్టాను. 1975లో అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి టీవీ చూపించారనీ, వాటిలో మన ఆంధ్రప్రదేశూ ఈ కర్ణాటకా కూడా ఉన్నాయనీ, ఊరంతటికీ కలిపి ఒక్క టీవీ పెట్టి సాగు గురించీ ఆరోగ్యం గురించీ చెప్పేవారనీ చెప్పాను. 1982 ఏషియాడ్‌తో రంగులొచ్చాయి. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వస్తుంటే వీధులు ఖాళీ అయ్యేవి. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ని నిషేధిస్తే, పట్టుమని రెండు వారాలైనా కాకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ దిగాయి. పిల్లలు ఆవలిస్తున్నారు. పెద్దవాళ్లు పులిహోర గిన్నెల వైపు చూస్తున్నారు. సభ సజావుగా సాగుతోందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మధ్యలో దూరదర్శన్ పాత సిగ్నేచర్ ట్యూన్ వేశాను. తెర మీద ఆ గుర్తు తిరుగుతూ తిరుగుతూ ఒక్కచోట చేరుతుంటే ముందు వరసలో ఇద్దరు ముగ్గురికి కళ్లు చెమర్చాయి. నాకూ గొంతు కాస్త పట్టేసింది. "చూశారా, అప్పట్లో టీవీ అంటే..." అని ఒక గంభీరమైన వాక్యం ఎత్తుకున్నాను.

వీడియో అయిపోయింది. దాని వెనకాలే ఇంకోటి దానంతటదే మొదలైంది.

కార్పెట్.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ప్రపంచంలో కార్పెట్లు ఉతికే వీడియోలనే ఒక శాఖ ఉంది. ఎక్కడో ఏ దేశంలోనో, మొహం కనిపించని మనిషి, రబ్బరు బూట్లు వేసుకుని, ఏళ్ల తరబడి మురిక్కాలవలో నానిందేమో అనిపించే కార్పెట్‌ని నేల మీద పరుస్తాడు. గట్టి ధారతో నీళ్లు కొడతాడు. కషాయం రంగు నీళ్లు పారతాయి. సబ్బు పోస్తాడు, గుండ్రటి బ్రష్షు మిషన్ తిప్పుతాడు, నురగని చెక్కతో తోస్తాడు, మళ్లీ నీళ్లు కొడతాడు. మాట ఉండదు, పాట ఉండదు. అడుగున ఎర్ర పువ్వు ఉందా, నీలం పువ్వు ఉందా అన్నదే కథ. ఇంట్లో అందరూ పడుకున్నాక నేను చూసేవి ఇవి. ఈ సంగతి మా ఆవిడకి కూడా తెలియదు. యూట్యూబ్‌కి తెలుసు.

పాజ్ నొక్కాను. ఆగింది. "చిన్న సాంకేతిక లోపం" అన్నాను. మళ్లీ నీళ్లు పడ్డాయి. మళ్లీ నొక్కాను. ఆగింది. మళ్లీ పడ్డాయి.

సంగతేమిటంటే, ఫోన్‌లోంచి టీవీకి ఏదైనా వేస్తే, అదే వైఫైలో ఉన్న మిగతావాళ్ల ఫోన్లలో కూడా పాజ్, ప్లే, సౌండు బొత్తాలు ప్రత్యక్షమయ్యే సదుపాయం ఒకటి ఉంది. ఎవరు పెట్టమన్నారో తెలియదు. అంటే ఆ నిమిషాన హాల్లో కూర్చున్న ప్రతివాడి చేతిలోనూ ఒక రిమోట్ ఉంది. అసలుది బీరువాలో ఉంది. వెనక వరస కుర్రాళ్లకేసి చూశాను. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు, చేతులు మాత్రం కుర్చీల కింద ఉన్నాయి. నేను ఆపడం, వాళ్లు నడపడం. ఇంతలో ఎవడో సౌండు పెంచాడు. క్లబ్‌హౌస్‌లోకి జోగ్ జలపాతం వచ్చినట్టయింది. నేను నీళ్లు నములుతున్నాను.

అప్పుడు ముందు వరసలో అనంతపురం అవ్వ చెయ్యెత్తింది. "ఆపొద్దప్పా. ఆ మూల ఇంకా నల్లగనే ఉండాది."

నిజమే, ఉంది.

అక్కడితో సభ నా చేతిలోంచి పోయింది. ఆవలింతలు ఆగిపోయాయి. పులిహోర వైపు చూసేవాళ్లు లేరు. అంతసేపూ ఫోన్‌లో షేర్లు చూసుకుంటున్న బ్యాంకు రిటైర్డు ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. సబ్బు ముందే పోయకూడదు, నానాలి అని ఒకావిడ. ఎంత నానినా ఆ మరక పోదని ఇంకొకావిడ. "అన్ని నీళ్లా! 2024 మార్చిలో తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా వేస్తామన్న ఊళ్లో ఉన్నాం మనం" అని ఒకాయన ఆవేశపడ్డారు. ఆవేశం కార్పెట్ కడిగేవాడి మీద. వాడు ఏ దేశంలో ఉన్నాడో ఎవరికీ తెలియదు.

నేను సెక్రటరీగారి వైపు దీనంగా చూశాను. పిల్లలకి గడ్డి పెట్టమన్న మనిషి, తెర మీంచి కళ్లు తిప్పకుండా "ఒక్క నిమిషం సార్, అయిపోవచ్చింది" అన్నారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. నా తర్వాతి స్లైడు ఏమిటో తెలుసా? కిందకి తోస్తూ పోతే తరగని స్క్రోల్‌ని 2006లో తయారుచేసిన ఆజా రాస్కిన్, దాన్ని కనిపెట్టినందుకు తర్వాత పశ్చాత్తాపపడ్డాడని. ఆ తర్వాతిది ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసిన సంగతి. పదమూడు నుంచి పదిహేడేళ్లవాళ్లకి యూట్యూబ్ 2021 నుంచి ఆటోప్లేని, అంటే ఒకటి అయ్యాక ఇంకోటి దానంతటదే మొదలవడాన్ని, ముందే ఆపి ఉంచుతోందని కూడా రాసుకెళ్లాను. ఆ లెక్కన హాల్లో అలాంటి రక్షణ ఉన్నవాళ్లు వెనక వరసవాళ్లే. ముందు వరసలవాళ్ల గురించి ప్రపంచంలో ఎవరూ దిగులు పడలేదు. వాళ్లేమో కళ్లప్పగించి మూల తెల్లబడుతుందా లేదా అని చూస్తున్నారు.

పదో తరగతి చదివే అమ్మాయి ఒకతి లేచి వచ్చింది. "అంకుల్, ఇలా ఇవ్వండి" అని నా ఫోన్ తీసుకుని ఆటోప్లే ఆపేసింది. "సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఉంటుందంకుల్" అని, ఫోన్ చేతికిస్తూ మెల్లిగా, "ఈ ఛానల్ కంటే ఇంకో మంచి ఛానల్ ఉంది, పంపనా?" అంది.

"దాన్ని నడవనీ తల్లీ, ఇంకొంచెమే" అన్నారు వెనకనుంచి.

నీలం పువ్వు. చప్పట్లు కొట్టారు. అవి ఎవరికో నేను అడగలేదు. తర్వాత పులిహోర తిన్నాం, ఉప్పు తక్కువైంది.

రాత్రి గ్రూపులో సెక్రటరీగారి మెసేజ్ వచ్చింది. "చక్కటి ఉపన్యాసం ఇచ్చిన సార్‌కి ధన్యవాదాలు. మన ఏరియాలో కార్పెట్లు ఉతికేవాళ్ల నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టగలరు." దాని కింద వరసగా దండాలు, బొటనవేళ్లు.

నంబరు నా దగ్గర ఉంది. పెట్టను.