సెకండాఫ్ గారూ, ఇంతకీ ఆ ఇల్లు ఎవరి పేరున ఉన్నట్టు?

గౌరవనీయులైన సెకండాఫ్ గారికి,

నమస్కారాలు. తమరు కులాసా అని తలుస్తాను. మొన్న ఆదివారం మ్యాట్నీలో మనం కలిశాం. తమకి గుర్తుండకపోవచ్చు, వచ్చిపోయేవాళ్లు బోలెడుమంది కదా. నాకు మాత్రం ఆదివారం నుంచీ అదే గొడవ. కంచం ముందు కూర్చున్నా అదే, సిగ్నల్ దగ్గర బండి ఆపినా అదే. "సినిమాయే కదండీ, వదిలేయండి" అంటోంది మా ఆవిడ. వదిలేద్దామనే ఈ ఉత్తరం.

నేనేం సినిమా పండితుణ్ణి కాను. శుక్రవారం పొద్దున్నే లేచి రేటింగులిచ్చే బాపతు అసలే కాదు. ఫైట్లు లేవు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు అని ఎవరైనా చెబితే నెలకో, రెండు నెలలకో టికెట్లు బుక్ చేసే రకం. (దానికి కన్వీనియన్స్ ఫీజు అని ఒకటి. ఎవరి కన్వీనియన్సో ఇప్పటికీ తెలీదు.) అందరూ తమర్ని ల్యాగ్ అని ఆడిపోసుకుంటారు. నేను ఆ మాట కూడా అనను. సాగదీత మాకు కొత్తా? రాత్రి ఏడు నుంచి పది దాకా సీరియళ్లు నడిచే కొంపలు మావి. తమరు ఇంకో అరగంట సాగండి, కూర్చుంటాం. కూర్చోబెట్టి మాట తప్పకండి, అంతే నా మనవి.

మీ అన్నగారు ఫస్టాఫ్ మొన్న ఏం మాట ఇచ్చి వెళ్లారో మీకు తెలిసినట్టు లేదు. అమ్మాయి తొమ్మిదేళ్లుగా ఉద్యోగం చేస్తోంది. నెలనెలా జీతం నాన్న ఖాతాలోకి. ఆ డబ్బుతో ఇల్లు లేచింది. గృహప్రవేశం రోజున, చుట్టాలంతా పట్టుబట్టలు కట్టుకుని పాలగిన్నె వంక చూస్తుండగా, ఇల్లు తమ్ముడి పేరున రిజిస్టరయిందని బయటపడింది. అమ్మాయి అరవలేదు. సంచిలోంచి బ్యాంకు స్టేట్‌మెంట్ల కట్ట తీసింది. పిన్ను తుప్పుపట్టి కాగితం మూల గోధుమరంగు మరక కట్టింది. డైరెక్టరు ఆ మరక కూడా చూపించాడు. కట్టని తీసుకెళ్లి పసుపు గణపతి పక్కన, పీట మీద పెట్టింది. "ఇందులో నా గది ఏది నాన్నా?" అంది. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా ఎవరూ కదల్లేదు. విరామం.

హాల్లో చప్పుడు లేదు. కాసేపటికి మా వెనక వరసలోంచి ఒకావిడ "బాగా అడిగావే తల్లీ" అని పైకే అనేసింది. ఆవిడ పక్కనున్నాయన పాప్‌కార్న్ తెస్తానని లేచి వెళ్లి ఎంతకీ తిరిగి రాలేదు. డబ్బా ధర చూసి అక్కడే కూలబడ్డాడో, లేక ఆయనింట్లోనూ అలాంటి రిజిస్ట్రేషనే ఒకటి ఉందో.

బంగారం తాకట్టు ప్రకటనా, తలనొప్పి మాత్రల ప్రకటనా అయ్యాక, అప్పుడు తమరు వేంచేశారు. వచ్చీ రాగానే ఏం చేశారండీ? తండ్రి నోరు తెరిచాడు. జవాబు చెప్పబోతున్నాడని నేను సీట్లో ముందుకి వంగాను. ఆయన తెరిచింది ఆయాసానికి. మరుక్షణం గుండె పట్టుకున్నాడు.

ఇక ఆసుపత్రి. ఆ కారిడారు నాకు మా వీధికన్నా బాగా తెలుసు. కళ్లజోడు తీసి "ఇరవైనాలుగు గంటలు గడిస్తేగానీ ఏం చెప్పలేం" అనే డాక్టరు, గోడకి నుదురు ఆన్చిన కొడుకు, కొంగు నోట్లో కుక్కుకున్న తల్లి. ఐసీయూలో పడుకున్నాయనకి విభూతి రేఖ చెక్కుచెదరలేదు. దానికో పాట. పెట్టుకోండి, కాదనను. ఆ పాట మధ్యలో మాత్రం ఒక షాటుంది, తొందర్లో తీసి తమరు మర్చిపోయి ఉంటారు. క్యాష్ కౌంటర్ దగ్గర అమ్మాయి కార్డు తీసి ఇస్తుంది. పిన్ను నొక్కుతుంది. మిషన్లోంచి రసీదు చుట్ట చుట్టుకుంటూ బయటికొస్తుంది, దాన్ని మడిచి అదే సంచిలో, ఆ స్టేట్‌మెంట్ల కట్ట పక్కన పెట్టుకుంటుంది. తమ్ముడు పక్కనే నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇల్లూ ఆమె డబ్బే, ఆసుపత్రీ ఆమె డబ్బే, ఏడుపు మాత్రం వాడిది.

అయిపోయిందనుకున్నాను. అవలేదు. మంచం పక్కన కూలబడి "నన్ను క్షమించు నాన్నా, నేనలా అడిగి ఉండకూడదు" అంది. తండ్రి ఆవిరి పట్టిన మాస్కులోంచి చూసి, వణుకుతున్న చెయ్యెత్తి ఆమె తల మీద పెట్టాడు. క్షమించేశాడన్నమాట! ఎవరు ఎవర్ని క్షమించారండీ? హాలంతా ముక్కులు ఎగబీలుస్తోంది. నా కళ్లూ తడిశాయి. వయొలిన్లు అంత దగ్గరగా వాయిస్తే గోడకైనా చెమ్మ పడుతుంది. చివర్లో అంతా కలిసి అదే ఇంటి ముందు నిలబడి ఫొటో దిగారు. గుమ్మం పక్కన పేరు పలక మీద ఏముందో కెమెరా చూపించలేదు.

పార్కింగులో బండి తీస్తుంటే మా ఆవిడ, ఇంకా ముక్కు తుడుచుకుంటూనే, "ఏమండీ, ఇంతకీ ఇల్లు ఎవరి పేరున ఉన్నట్టు?" అంది.

జబ్బులంటే నాకు పడదనుకునేరు. జబ్బూ చావూ లేకుండా ఇంటి కథెక్కడుంటుంది? "హాయ్ నాన్న"లో పాపకి జబ్బుందని మొదట్లోనే చెప్పేసి, ఆ పైన కథ నడిపారు. ఎవరి నోరు మూయించడానికీ ఆ జబ్బుని వాడుకోలేదు. "రంగమార్తాండ"లో బ్రహ్మానందం ఆసుపత్రి మంచం మీద నుంచే స్నేహితుణ్ణి నిలదీసి ముక్తి అడుగుతాడు. ఇన్నేళ్లు నవ్వించిన ఆ మొహం వంక ఆ రోజు సూటిగా చూడలేకపోయాను. అదీ మంచమే, అదీ ఆసుపత్రే. కానీ అక్కడ పడుకున్నవాడు మాట్లాడాడు. మీ దగ్గర పడుకున్నవాడు తప్పించుకున్నాడు.

2023 మార్చిలో "బలగం" చూశాం. కొమురయ్య తాత చావుతో అక్కడ కథ ముగియలేదు, మొదలైంది. నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర పుట్టిన పంతాలన్నీ ఆ చావింట్లోనే బయటికొచ్చాయి. కాకి పిండం ముట్టలేదు. ఎందుకు ముట్టలేదన్నది డైరెక్టరు వేణు యెల్దండి చివరిదాకా పట్టుకునే ఉన్నాడు, ఒక్క గుండెపోటుతో దాటెయ్యలేదు. అందుకే తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని మరీ ఊరంతా కూర్చుని చూశారు. ఆ మరుసటేడు "35 - చిన్న కథ కాదు"లో పిల్లాడు అడిగిందేమిటి? విలువ లేని సున్నా పక్కన చేరితే ఒకటి పదెలా అవుతుందని. తల్లికేమో పదో తరగతే గట్టెక్కలేదు. అయినా మంచం ఎక్కలేదు, పుస్తకం తీసింది. 2025లో వచ్చిన "కోర్ట్"లోనైతే అసలు వాదన నడిచింది తమరి హయాంలోనే. తమరు తల్చుకుంటే చెయ్యగలరు, నాకు తెలుసు, అందుకే ఈ ఉక్రోషం. అన్నట్టు ఈ మూడింటిలోనూ ప్రియదర్శి ఉన్నాడు. ఆయనుంటే భయపడి బుద్ధిగా ఉంటారా ఏమిటి? "కుబేర"లో బిచ్చగాడి వేషంలో ఉన్న ధనుష్‌తో పాటు పరుగెత్తీ పరుగెత్తీ నా పిక్కలు పట్టేశాయి, సుమారు మూడు గంటలు. అదీ క్షమించాను, ఆ బిచ్చగాడు మాత్రం కథ మధ్యలో మారిపోలేదు.

ఇప్పుడు కాస్త గట్టిగానే మాట్లాడతాను. పిత్రార్జితంలో ఆడపిల్లకి సమాన హక్కు, కొన్ని షరతులతోనైనా, ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే వర్తించేలా చట్టం చేశారు. దేశం మొత్తానికి అది 2005లో గానీ రాలేదు. ఇక్కడ తెచ్చిన ముఖ్యమంత్రి ఎవరు? ఎన్టీ రామారావు. మీ ఇంటి మనిషే! సినిమావాడు కుర్చీలో కూర్చుని ఇచ్చిన హక్కుని, నలభై ఏళ్లు పోయాక సినిమాలో అమ్మాయి నోరు విప్పి అడిగితే తప్పా? అదీ ఈ పిల్ల అడిగింది తాతల ఆస్తి కూడా కాదు. తన జీతం. తొమ్మిదేళ్ల జీతం. ఒక గది.

సిగ్గనిపించలేదా నీకు? జవాబు రాయడం చేతకాకపోతే చేతకాదని చెప్పు. తండ్రి "అవును, కొడుకనే రాశాను, ఏం చేస్తావో చెయ్యి" అన్నా సరే, అప్పుడు కనీసం ఆ అమ్మాయి తలుపు తీసుకుని బయటికి నడిచేది. నేనూ లేచి చప్పట్లు కొట్టేవాణ్ణి. అంతే గానీ, అడిగినదాని చేతే బిల్లు కట్టించి, అడిగినదాని చేతే క్షమాపణ చెప్పించి, ఆ పైన మా చేత ఏడిపిస్తావా? ఫంక్షన్లో మైకు పట్టుకుని "కర్చీఫులు తెచ్చుకోండి" అన్నాడు మీవాడు. తెచ్చుకున్నాం. తడిపాం. ఇంటికెళ్లి ఉతుక్కున్నాం. ఆ ఇల్లు మాత్రం తమ్ముడి పేరునే ఉంది. నాలుగు వారాల్లో ఓటీటీలోకి వస్తావుగా, రా. అప్పుడు రిమోట్ నా చేతిలో ఉంటుంది. పాలు పొంగేదాకా చూసి ఆపేస్తాను.

వచ్చే శుక్రవారం ఇంకో కుటుంబ కథాచిత్రం. ట్రైలర్ చూశాను. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో గరిటె అలాగే పట్టుకుని, మామగారిని ఏదో అడగబోతోంది. బల్ల మీద ఆయన బీపీ మాత్రల డబ్బా ఉంది. చూశాను నేను. దాన్ని అక్కడే ఉంచు, ముట్టుకోకు.

ఇట్లు,
ఆ సినిమాకీ టికెట్లు కొనేసిన
ఒక ప్రేక్షకుడు