మైకేల్ మయర్స్‌కి పాస్ లేదు

నిన్న మా అత్తగారికి గాల్ బ్లాడర్ ఆపరేషన్. రాత్రి తోడు ఒక్కరే ఉండాలన్నారు. ఆ ఒక్కడూ నేనేనని ఇంట్లో తేల్చేశారు. వరండాలో చాప పరుచుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్లో 1981 నాటి ‘హాలోవీన్ 2’ మొదలుపెట్టాను. ఆస్పత్రిలో పడుకుని ఆస్పత్రి హత్యల సినిమా చూడ్డమేమిటని అడక్కండి. ఆ తెలివి నాకూ ఆలస్యంగానే వచ్చింది.

మొదటి భాగం ఏ రాత్రి ఆగిందో ఆ రాత్రే ఎత్తుకున్నాడు, అది బాగుంది. కానీ హీరోయిన్ జేమీ లీ కర్టిస్‌ని విగ్గు పెట్టి చాలాసేపు మంచానికే పరిమితం చేశాడు. మొదటి దాంట్లో ముసుగు హంతకుడు మైకేల్ మయర్స్ ఎందుకు చంపుతున్నాడో తెలియకే కదా వణికాం! ఇందులో ఆ పిల్ల వాడి చెల్లెలట. భయం పోయి ఆస్తి తగాదా చూస్తున్నట్టయింది.

పైగా ఆ ఆస్పత్రిలో మనుషులకంటే చీకటే ఎక్కువ. రోగుల చుట్టాలు ఒక్కరూ లేరు! ఆ మైకేల్‌ని మా వరండాకి రమ్మనండి చూద్దాం. గేటు దగ్గరే సెక్యూరిటీ “పాస్ ఏదీ?” అంటాడు. ముసుగు ఉంచుకోవచ్చు, చెప్పులు మాత్రం విప్పాలి. ఎనిమిది దాటితే మెట్ల మీద కూర్చుని బతిమాలుకోవాలి. ఎలాగో పైకొచ్చినా, ఫ్లాస్కులూ క్యారేజీలూ నిద్రపోతున్న పెద్దమ్మలూ తొక్కకుండా దాటేసరికి తెల్లారిపోతుంది.

నాలో నేనే నవ్వుకుంటుంటే, తెర మీద నర్సు వెనక చీకట్లోంచి తెల్లటి మొహం తేలింది. చేతిలో సిరంజి. సరిగ్గా అప్పుడే నా భుజం మీద ఎవరిదో చెయ్యి పడింది. తిరిగి చూస్తే మాస్కు, సిరంజి!

“ఓరి నాయనోయ్!” అన్నాను. మెల్లగానే అన్నాననుకున్నా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు కదా, కొలత తెలీలేదు.

పక్క చాప పెద్దాయన “ఎవరు పోయారు బాబూ?” అని లేచి, జవాబు కోసం ఆగకుండా ఏడుపందుకున్నాడు. ఆయన్ని చూసి ఇద్దరు ఆడవాళ్లు. ఎవరో “ఎంత వయసు?” అనడిగారు. పొద్దుట్నుంచి ప్రతి కౌంటర్లోనూ చెప్పి చెప్పి ఉన్నానేమో, “అరవై రెండు” అనేశాను. “అయ్యో, పెద్ద వయసేం కాదు!” అని ఏడుపు ఇంకో మెట్టెక్కింది. లోపల్నుంచి అత్తగారు నీరసంగా, “ఎవరు బాబూ పోయింది?”

నర్సమ్మ మాత్రం రెప్ప వెయ్యలేదు. “ఇంజెక్షన్ అయిపోయింది, కింద ఫార్మసీలో తెండి” అంటూ చీటీ చేతిలో పెట్టింది. రాత్రి రెండింటికి!

తీసుకుని పైకొస్తుంటే సెక్యూరిటీ చెయ్యి అడ్డం పెట్టాడు.

“పాస్ ఏదీ?”

చాప కింద ఉంది. మెట్ల మీద కూర్చున్నాను.