టస్కనీ విల్లా ప్రకటన గారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ టస్కనీ విల్లా ప్రకటన గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. కాకినాడ నుంచి అమ్మానాన్నలు, బర్మింగ్‌హామ్ నుంచి అన్నయ్యావాళ్ళు, న్యూజెర్సీ నుంచి మేము వచ్చే జూలైలో ఒక వారం పాటు ఒకే ఇంట్లో ఉండాలని పెద్దలు నిర్ణయించారు. ఆ ఇల్లు ఇటలీలో ఉండాలని పిల్లలు నిర్ణయించారు. దాన్ని వెతికిపెట్టే పని మాత్రం ఎవరూ నిర్ణయించకుండానే నాకు వచ్చింది కనుక, ఇటలీ నడుమనున్న టస్కనీ ప్రాంతపు అద్దె ఇళ్ళను వర్ణించే తమరిని కొంతకాలంగా శ్రద్ధగా పారాయణ చేస్తున్నాను. ఇల్లు ఫ్లోరెన్స్‌కూ సియెనాకూ నడుమనున్న కియాంతి కొండల్లో ఉన్నా, ఇంకా దక్షిణాన ఓర్చా లోయలో ఉన్నా, తమరి వర్ణనలో తేడా ఉండదు. సైప్రస్ చెట్ల బాట, ద్రాక్షతోటలు, ఈతకొలను, దాని ఒడ్డున రెండు వైన్ గ్లాసులు. పది మంది పట్టే ఇంటికి రెండే గ్లాసులు ఎందుకున్నాయన్నది నా మొదటి సందేహం.

రెండో సందేహం కొంచెం పెద్దది. తమరు ప్రతి ఇంటినీ 'పూర్వకాలపు రైతు గృహం' అని పరిచయం చేస్తారు గానీ, ఆ రైతు ఎటు పోయాడో చెప్పరు. టస్కనీలో కొన్ని శతాబ్దాల పాటు మెజ్జాద్రియా అనే సగపాలు పద్ధతి నడిచిందనీ, భూమీ ఇల్లూ దొరవైతే పండినదాంట్లో సగం మాత్రమే రైతుకు దక్కేదనీ, కింద గొడ్లు, పైన మనుషులు ఉండేవారనీ, చలికాలంలో ఆ గొడ్ల వేడే పై అంతస్తుకు ఆధారమనీ నేను వేరేచోట చదువుకోవలసి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత రైతులు ఫ్యాక్టరీ పనులు వెతుక్కుంటూ పట్నాలకు వెళ్ళిపోయారు. కొత్తగా అలాంటి ఒప్పందాలు రాసుకోకూడదని 1964లో చట్టం వచ్చింది. కొండల మీద ఖాళీపడిన ఇళ్ళను పట్నవాసులూ విదేశీయులూ కొనుక్కుని బాగుచేయించారు. అప్పటి గొడ్లచావిడి ఇప్పుడు తమరి భాషలో 'కమాను పైకప్పుతో విశాలమైన హాలు' అయింది, గడ్డి వేసిన గాడిలో ఎండిన లావెండర్ కొమ్మలు పెట్టారు. మా తాతగారు గోదావరి జిల్లాలో సరిగ్గా ఇలాంటి ఇల్లే అమ్మి నాన్నను చదివించారు. ఆ చదువు ఫలితంగా ఆయన మనవలు ఇప్పుడు గొడ్లు ఖాళీ చేసిన కొంపకు వారానికింతని యూరోలలో అద్దె కట్టడానికి పోటీపడుతున్నారు. నాన్నమ్మ బతికి ఉంటే, గొడ్లు కూడా ఉంటే అద్దె తగ్గుతుందా అని అడిగేది.

ఆ రాతిగోడల గొప్పతనాన్ని నేను కాదనను. జూలై ఎండలో లోపల చల్లగా ఉంచే గోడలు అవి. అయితే ఆ మందానికి వైఫై కూడా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దాటదు. బర్మింగ్‌హామ్ ఆఫీసుకు రోజూ మొహం చూపించవలసిన మా అన్నయ్య, ఆ వారమంతా అంజూర చెట్టు కింద నిలబడి మీటింగులు నడుపుకోవలసి వస్తుంది.

'పది మంది పడుకోవచ్చు' అన్న వాక్యాన్ని నేను నకషా పెట్టి చూశాను. పడకగదులు నాలుగే, అందులో నాలుగోదానికి మూడోదానిలోంచి నడిచి వెళ్ళాలి, మిగిలిన ఇద్దరికీ హాల్లోని సోఫా విప్పితే మంచమవుతుంది. కింద పడకగది ఒక్కటీ లేదు, పైకి మలుపు మెట్లు, వాటికి ఒకవైపే చేతిపట్టు కమ్మీ. అమ్మ మోకాళ్ళ సంగతి తమరికి తెలిసే అవకాశం లేదు గానీ, మెట్లు ఎన్నో రాయడానికి మోకాళ్ళ గురించి తెలియనక్కరలేదు. మరోపక్క, చెప్పుకోదగ్గదాన్ని తమరు చెప్పుకోరు. ఇటలీలో ప్రతి ఇంట్లోనూ కనీసం ఒక స్నానాలగదిలో బిడే, అంటే దొడ్డికి వెళ్ళాక నీళ్ళతో కడుక్కునే తొట్టి, ఉండాలని 1975 నాటి ప్రభుత్వ ఉత్తర్వు చెబుతోంది. యూరప్ ప్రయాణమంటే ముందుగా ప్లాస్టిక్ చెంబును సూట్‌కేసులో సర్దే తెలుగువారికి ఇంతకంటే శుభవార్త ఏముంటుంది? సూర్యాస్తమయానికి పదకొండు ఫొటోలు కేటాయించిన తమరు దీనికి ఒక్కటీ ఇవ్వలేకపోయారు.

దూరపు కొండలు నునుపంటారు. తమరి కొండలు దగ్గరకు వచ్చినా నునుపే, గరుకుదనమంతా దారిలో ఉంది. 'ఊరికి పది నిమిషాలు' అంటే కారులో పది నిమిషాలు. అందులో సగం దారి స్ట్రాదె బియాంకె అని పేరుపొందిన తెల్ల కంకర రోడ్డు, ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. సైకిల్ పందేల వాళ్ళు ఆ దుమ్ములో తొక్కడానికి ప్రపంచమంతటి నుంచీ వస్తారు, అది వాళ్ళ ఇష్టం. పాలప్యాకెట్టు కోసం రోజుకు రెండుసార్లు తొక్కేది మేము. 'ఫ్లోరెన్స్ నలభై అయిదు నిమిషాలు' అని రాసినప్పుడు, ఆ ఊరి నడిబొడ్డులోకి బయటి కార్లు పోకూడదనీ, జెడ్‌టీఎల్ అనే రాకపోకల నియంత్రణ ప్రాంతపు బోర్డు దాటితే కెమెరా నంబరు పట్టుకుంటుందనీ, జరిమానా నెలల తరువాత కారు అద్దెకిచ్చినవాళ్ళ రుసుముతో కలిపి ఇంటికొస్తుందనీ ఒక్క ముక్క చేర్చి ఉండవచ్చు. మన దేశపు లైసెన్సుతో నడపాలంటే అంతర్జాతీయ పర్మిట్ కూడా చేతిలో ఉండాలి.

వంటగది విషయానికి వస్తే, తమరు చూపించేది రాగి గిన్నెలు, నిమ్మకాయల బుట్ట, ఎవరూ వాడని కట్టెల పొయ్యి. అక్కడ ఇళ్ళకు మామూలుగా ఉండే కరెంటు కనెక్షన్ 3 కిలోవాట్లు. ఓవెన్, వాషింగ్ మెషీన్, ఏసీ ఒకేసారి వేస్తే మీటరు కరెంటు ఆపేస్తుంది, ఆ మీటరు చాలాచోట్ల గేటు దగ్గర ఉంటుంది. ఇడ్లీపిండికి మా వదిన తెచ్చే 750 వాట్ల మిక్సీ ఏ క్షణాన తిరగవచ్చో, ఏ క్షణాన తిరగకూడదో ఒక పట్టిక గోడకు అంటించుకోవలసి ఉంటుంది. పోపు వేస్తే పొగ పోవడానికి కిటికీ తెరుచుకుంటుందా అన్నది ఇప్పటికీ తేలలేదు.

డబ్బు సంగతి క్లుప్తంగా మనవి చేస్తాను, ఎందుకంటే తమరూ క్లుప్తంగానే చెప్పారు. పెద్ద అక్షరాల్లో ఉన్న అద్దె ఏప్రిల్ నాటిది. ఏప్రిల్‌లో ఆ ఈతకొలను మీద పట్టా కప్పి ఉంటుంది. జూలైలో అద్దె వేరు, శనివారం నుంచి శనివారం దాకా తప్ప ఇవ్వరు. ఆ పైన చివరిరోజు శుభ్రం చేసినందుకు, దుప్పట్లకు, ఏసీకి, తలకింత రాత్రికింత చొప్పున మునిసిపాలిటీ పన్నుకు విడివిడిగా కట్టి, మళ్ళీ డిపాజిట్ కట్టాలి.

ఇంత వర్ణన నడుమ తమరిలో నేను నమ్మేది ఒక్కటే, అడుగున చీమల అక్షరాల్లో ఉన్న సీఐఎన్ అనే ప్రభుత్వ గుర్తింపు నంబరు. 2025 జనవరి 1 నుంచి ఇటలీలో ఇలాంటి ప్రతి ఇల్లూ ప్రకటనలో దాన్ని చూపించాలి. అందులో ఐటీ అన్న అక్షరాల తరువాత వచ్చే మూడు అంకెలు జిల్లాను చెబుతాయి: 048 అయితే ఫ్లోరెన్స్, 052 అయితే సియెనా, 051 అయితే అరెజ్జో. 'సియెనా గుమ్మంలో' అని తమరు పరవశించిన ఇంటి నంబరు 051తో మొదలవుతోంది. ఆ గుమ్మం ఎంత వెడల్పో తెలియజేయగలరు. అసలు ఆ నంబరే లేకుండా, ముందు బ్యాంకుకు డబ్బు పంపమనే తమరి బంధువులు కొందరు తగిలారు, వారికి నేను జవాబివ్వలేదు.

నిజం చెప్పాలంటే తమరికంటే అగ్రితురిస్మో, అంటే రైతు తన పొలంలోనే అతిథులకు అద్దెకిచ్చే ఇళ్ళ ప్రకటనలే నాకు నచ్చుతున్నాయి. ఆ ఇళ్ళలో వ్యవసాయమే ప్రధానంగా ఉండాలని 1985 నుంచీ చట్టం ఉంది కనుక, ఫొటోలో ట్రాక్టరు అడ్డం వచ్చినా దాచరు, నీళ్ళు రాకపోతే పిలవడానికి పక్కింట్లో మనిషి ఉంటాడు. అన్నయ్య మాత్రం తమరి ఈతకొలను మీద మనసు పడ్డాడు.

కనుక తమరు దయయుంచి గేటు నుంచి ఇంటిదాకా దారి, కింది నుంచి చూస్తే మెట్లు, పొయ్యి ఉన్న గోడ, కరెంటు మీటరు, ఈ నాలుగింటి ఫొటోలు పంపితే ఆ రోజే అడ్వాన్సు కడతాను. పది మంది బట్టలు ఆరేయడానికి తీగ ఎక్కడుందో కూడా అడగమని అమ్మ చెప్పింది. తమరి ఫొటోలన్నింటిలో ఒక్క తువ్వాలు కూడా ఆరుతూ కనిపించలేదట.

ఇట్లు,
మూడు కాపురాల తరఫున ఇల్లు వెతుకుతున్న మనిషి