ఆ మూత మీద ఏ బొమ్మ పడితే ఆ బొమ్మ పెట్టకండి

పోయిన ఆదివారం పాత కార్ల ప్రదర్శనకి వెళ్లాను. ఓ పాత అమెరికన్ బండి, చూడముచ్చటగా ఉంది. తీరా చూస్తే రేడియేటర్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల తొట్టి) మూత మీద రోల్స్ రాయిస్ కార్ల మీద ఉండే అమ్మాయి బొమ్మ, అదీ నకలు. అడిగితే ఓనరుగారు, "మెరుస్తోంది కదండీ, బాగుందని పెట్టించా" అన్నారు. ఇంటికొచ్చి రెండు రోజులైనా మనసు కుదుటపడలేదు.

అది అలంకారం కోసం పుట్టిన చోటు కాదండీ. అప్పట్లో రేడియేటర్ బండి ముందు నిలువుగా, దాని మూత బయటికే ఉండేది. లోపల నీళ్లు మరుగుతున్నాయో లేదో డ్రైవరుకి తెలియాలి కదా! 1912లో పేటెంటయిన బాయ్స్ మోటోమీటర్ చేసిన పని అదే. మూత మీదే బిగించిన థర్మామీటర్. నీళ్ల పైనున్న ఆవిరి వేడికి లోపలి ఎర్ర గీత పైకి లేచేది, డ్రైవరు సీట్లోంచే చూసుకునేవాడు. తర్వాత మీటరు డాష్‌బోర్డుకి చేరింది, పైన బొమ్మలు మిగిలాయి.

ఇక ఆ అమ్మాయి సంగతి. 1910 నాటికే రోల్స్ రాయిస్ కొన్నవాళ్లు దాని మీద నల్లపిల్లులు, పోలీసు బొమ్మలు తగిలించేవారు. అది చూడలేకే కంపెనీ పెద్ద క్లాడ్ జాన్సన్, శిల్పి చార్లెస్ సైక్స్ చేత బొమ్మ చేయించాడు. 1911లో వచ్చింది. అంటే ఏ బొమ్మ పడితే ఆ బొమ్మ పెట్టొద్దనే ఆ బొమ్మ పుట్టింది! దాన్ని తెచ్చి ఇంకో కంపెనీ బండికి బిగిస్తే ఎలా?

సైక్స్‌కి ఎలినార్ థార్న్‌టన్ అనే ఆవిడ మోడల్‌గా ఉండేది, ఆ రూపం ఆవిడదేనంటారు. 1915 డిసెంబరు 30న మధ్యధరా సముద్రంలో జర్మన్ జలాంతర్గామి పర్షియా అనే ఓడను ముంచేసింది. మన బొంబాయికి రావాల్సిన ఓడ. ఎలినార్ అందులోనే పోయింది. ఇది తెలిశాక నాకా బొమ్మ వట్టి లోహంలా కనిపించదు.

హిస్పానో సుయిజా కంపెనీ కార్ల మీది కొంగ కూడా అంతే. ఆ కంపెనీ ఇంజన్‌తో ఎగిరిన ఫ్రెంచి పైలట్ గినెమేర్ దళం గుర్తు అది, ఆయన 1917లో యుద్ధంలో పోయాడు. బుగాటి రాయల్ అనే కారు మీద రెండు కాళ్లపై లేచి నిలబడ్డ ఏనుగుని, కంపెనీ పెద్ద ఎత్తోర్ బుగాటి తమ్ముడు రెంబ్రాంట్ చేసిన శిల్పం నుంచి తీసుకున్నారు. ఆ తమ్ముడు 1916లోనే చనిపోయాడు. అన్న తన అతి పెద్ద బండి నెత్తిన తమ్ముడి చేతిపనిని నిలబెట్టుకున్నాడు. ఫ్రెంచి గాజు కళాకారుడు లాలిక్ చేసిన గాజు బొమ్మలైతే కింద దీపం పెడితే రాత్రి వెలిగేవి, వాటి గురించి ఇంకోసారి రాస్తాను.

కొత్త కార్లకి ఇవి వద్దంటే ఒప్పుకుంటాను. మనిషికి తగిలితే గుచ్చుకుంటాయి. నా బాధంతా పాత బండ్ల గురించే.

ఇంతకీ ఆ ఓనరుగారి దగ్గర అసలు మోటోమీటర్ ఉందట. అద్దం పగిలిందని తీసి డబ్బాలో పడేశారట. "అద్దం వేయించి అదే పెట్టండి సార్" అని బతిమాలి వచ్చాను.