మెట్ల మీద ఆ మౌనాన్ని ఎందుకు చెరిపేశారు?

నేను హాలీవుడ్ హారర్ సినిమా ‘ది ఎక్సార్సిస్ట్’ మొదటిసారి చూసింది 1989లో, తెనాలిలో మా పెదనాన్నగారింట్లో. కలర్ టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకునే రోజులవి. రెండు తెలుగు సినిమాలయ్యాయి, పెద్దవాళ్లు నిద్రపోయారు, అప్పుడు అన్నయ్య మూడో క్యాసెట్ పెట్టాడు. అది కాపీకి కాపీ. బొమ్మ అడుగున తెల్లగీతలు పరిగెడుతూనే ఉన్నాయి. పాదిరీలిద్దరూ దెయ్యం పట్టిన పిల్ల గదిలోకి అడుగుపెట్టేసరికి మాకు కనిపించింది ఓ నీలం మరక, అందులో కదిలే రెండు నల్లటి ఆకారాలు. అంతే. అయినా ఆ రాత్రి మాలో ఎవరూ ఒంటరిగా పెరట్లోకి వెళ్లలేదు.

సినిమాకు యాభై ఏళ్లు నిండాయని 2023లో 4కే డిస్క్ వచ్చింది. అందులో అదే సీను చూస్తే ఈసారి ఊపిరి కనిపించింది. ముసలి పాదిరీగా వేసిన మాక్స్ వాన్ సిడో ప్రార్థన చదువుతుంటే మాట మాటకూ నోటి ముందు ఆవిరి లేచి, దీపం వెలుగులో కాసేపు నిలిచి, కరిగిపోతుంది. దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ న్యూయార్క్‌లో వేసిన ఆ పడగ్గది సెట్‌ను భారీ ఏసీ యంత్రాలు పెట్టి సున్నా డిగ్రీల కిందికి చల్లబరిపించాడు. నటుల నోళ్లలోంచి వచ్చేది నిజమైన ఆవిరి. పలచటి నైటీలో మంచానికి కట్టేసి ఉన్న, ఆ పిల్లగా వేసిన లిండా బ్లెయిర్ వణుకూ నిజమే. నాకు ఆ చలి తగలడానికి 34 ఏళ్లు పట్టింది. ఆ డిస్క్ తయారుచేసినవాళ్లకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. అది మార్కెట్లోకి రావడానికి కొన్ని వారాల ముందు, ఆగస్టు 7న, ఫ్రీడ్‌కిన్ కన్నుమూశాడు.

అయితే అదే పెట్టెలో ఇంకో సినిమా కూడా ఉంది. నా బాధంతా దాని గురించే.

1973 డిసెంబర్ 26న అమెరికాలో విడుదలైన సినిమా నిడివి 122 నిమిషాలు. 2000లో, ‘మీరెప్పుడూ చూడని వెర్షన్’ అంటూ మళ్లీ థియేటర్లకు పంపినది 132 నిమిషాలు. 2010లో బ్లూరే వచ్చేసరికి ఆ పొడవాటి ప్రతికి ‘ఎక్స్‌టెండెడ్ డైరెక్టర్స్ కట్’ అని పేరు పెట్టారు. ఆ పేరే తప్పు. 1973లో ఆ పది నిమిషాలు వద్దని తీసేసింది స్వయంగా దర్శకుడే. అవి ఉండాలని పాతికేళ్లకు పైగా పట్టుబట్టింది నవలా రచయిత, సినిమాకు స్క్రీన్‌ప్లే రాసి నిర్మాతగా కూడా ఉన్న విలియం పీటర్ బ్లాటీ. కాబట్టి 2000 నాటిది రచయిత ప్రతి. దర్శకుడి ప్రతి 1973లోనే వచ్చేసింది. నా దృష్టిలో సినిమా అంటే అదే.

కథ మళ్లీ చెప్పక్కర్లేదు. సినీనటి క్రిస్, ఆమె పన్నెండేళ్ల కూతురు రీగన్, వాషింగ్టన్ జార్జ్‌టౌన్‌లో అద్దె ఇల్లు, పిల్లకు పట్టిన దెయ్యం, దేవుడి మీద నమ్మకం సడలిన పాదిరీ కారస్, గుండెజబ్బుతో ఉన్న ముసలి పాదిరీ మెరిన్.

మనకు దెయ్యం పట్టడం కొత్త సంగతేం కాదు. ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే భూతవైద్యుడు వేపమండలు పట్టుకుని ముందు అడిగే ప్రశ్నలు మూడు: ఎవరు నువ్వు? ఎందుకొచ్చావు? ఏం కావాలి? దెయ్యం జవాబు చెప్తుంది. ఫలానా బావిలో పడి చచ్చానంటుంది, కోడినో చీరనో అడుగుతుంది, ఇస్తే వెళ్లిపోతుంది. మన హారర్ సినిమా ఈ వరస మీదే బతికింది. ఇంటర్వెల్ దాటాక దెయ్యానికి ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది. అందులో దానికి జరిగిన అన్యాయం ఉంటుంది. అది తెలిశాక భయం పోయి జాలి పుడుతుంది. దెయ్యం కూడా మనలాంటిదే, దానికీ ఓ లెక్క ఉంది అని మనసు కుదుటపడుతుంది. ఇందులో గొప్ప మానవత్వం ఉంది, కాదనను.

ఎక్సార్సిస్ట్ ఆ ఊరట ఇవ్వదు. ఆ దెయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ లేదు. మొదట్లో ఇరాక్‌లో, మోసుల్ దగ్గరి హత్రా శిథిలాల్లో మెరిన్ ఒక విగ్రహం ఎదుట నిలబడి చూస్తాడు. గాలి వీస్తుంది, కుక్కలు కొట్లాడుకుంటాయి, సీను ముగుస్తుంది. ఆ విగ్రహం ఎవరిదో, ఈ పిల్లకూ దానికీ ఏం సంబంధమో ఎవరూ చెప్పరు. రీగన్ ఏ పాపం చేసింది? ఏమీ లేదు. తల్లి ఏం తప్పు చేసింది? ఏమీ లేదు. దేవుణ్ని నమ్మని ఆ తల్లి ముందు వెళ్లింది ఆసుపత్రికే. సినిమాలో నన్ను ఇప్పటికీ కళ్లు మూసుకునేలా చేసేది పడగ్గది కాదు, ఆ ఆసుపత్రి గది. పిల్ల మెడలోకి సూది దించుతారు, నెత్తురు చివ్వున చిమ్ముతుంది, యంత్రాలు ధడధడమని చప్పుడు చేస్తాయి. ఫిల్ములు వెలుగుకు పెట్టి చూసి డాక్టర్లు అంతా నార్మల్‌గానే ఉందంటారు. పిల్లల రిపోర్టులు చేతిలో పట్టుకుని కారిడార్‌లో కూర్చున్న ఏ తల్లికైనా, ఏ తండ్రికైనా ఆ ‘నార్మల్’ అనే మాట ఎంత నరకమో తెలుసు. జబ్బు కళ్లెదుట ఉంది, పేరు మాత్రం లేదు. ‘ఎందుకు మా పిల్లకే’ అన్న ప్రశ్నకు జవాబు లేకపోవడమే ఈ సినిమాలోని అసలు భయం.

ఇప్పుడు మెరిన్ ఆ ఇంటికి వచ్చిన రాత్రి చూడండి. కారస్ చదువుకున్నవాడు, సైకియాట్రిస్టు కూడా. కేసు పూర్వాపరాలు చెప్పమంటారా అని పెద్దాయన్ని అడుగుతాడు. ఎందుకు అంటాడాయన. పిల్లలో ఇప్పటిదాకా మూడు వ్యక్తిత్వాలు కనిపించాయని కారస్ మొదలుపెడితే, ఉన్నది ఒక్కటే అని అక్కడితో కొట్టిపారేస్తాడు. దానితో మాట్లాడొద్దు, అది అబద్ధంలో నిజం కలిపి కొడుతుంది అని హెచ్చరిస్తాడు. వివరణ కోసం వెతకొద్దని మెరిన్ చెప్పేది ఇక్కడే. తర్వాత పోరాటం మధ్యలో అలసిపోయి ఇద్దరూ గది బయటికి వస్తారు. 1973 ప్రతిలో వాళ్లు ఏమీ మాట్లాడుకోరు. మాట్లాడటానికి ఏమీ మిగల్లేదని మనకు అర్థమవుతుంది.

2000 ప్రతిలో సరిగ్గా అక్కడే, మెట్ల మీద, కారస్ అడుగుతాడు: ఈ పిల్లే ఎందుకు? మెరిన్ జవాబు చెప్తాడు! మనల్ని నిరాశలో ముంచడానికి, మనల్ని మనమే జంతువుల్లా, వికారంగా చూసుకునేలా చేయడానికి అని. పుస్తకంలో ఆ మాటలు అద్భుతంగా ఉంటాయి. సినిమాలో మాత్రం గంటన్నర పాటు ప్రేక్షకుడు ఒంటరిగా మోసిన ప్రశ్నను పాదిరీ వచ్చి దించేస్తాడు. పైగా కేసు వివరాలే వద్దన్న మనిషి, అదే రాత్రి కూర్చుని తాత్పర్యం చెప్తాడా? పాత్రే మారిపోయింది.

మిగతా చేర్పులూ అంతే. చీకటి పడ్డ వంటింట్లోకి క్రిస్ వచ్చే సీనులో ఏమీ లేకపోవడమే గుబులు. 2000లో అక్కడ పొయ్యి పైనున్న హుడ్ మీద దెయ్యం ముఖాన్ని కంప్యూటర్‌తో అతికించారు. కారస్ కలలో లిప్తపాటు మెరిసే ఆ తెల్లటి ముఖం 1973లోనే ఉంది, అది కల కాబట్టి ఒప్పుతుంది. వంటింట్లో ఎవరి కల? ఎవరూ కనడం లేదు. దర్శకుడు మన భుజం తట్టి ‘ఇదిగో దెయ్యం’ అని చూపించినట్టుంది. రీగన్ సాలెపురుగులా వెల్లకిలా మెట్లు దిగే సీను మొదట షూటింగ్‌లో తీసిందే. వైర్లు కనిపిస్తున్నాయని పక్కన పెట్టి, 2000లో వాటిని కంప్యూటర్‌తో చెరిపి చేర్చారు. స్నేహితుడు చనిపోయాడని క్రిస్‌కు తెలిసిన మరుక్షణమే ఆ సీను వస్తుంది. క్రిస్‌గా వేసిన ఎలెన్ బర్‌స్టిన్ ముఖంలో ఆ చావు కబురు ఇంకేలోపే తెర మీద సర్కస్ మొదలవుతుంది. చివర్లో కారస్ మెడలో ఉండిన పతకాన్ని క్రిస్ మరో పాదిరీ డయ్యర్ చేతిలో పెడుతుంది. పాత ప్రతిలో ఆయన తీసుకుంటాడు. తన స్నేహితుడు కారస్ పడి చనిపోయిన ఆ రాతిమెట్ల పైన నిలబడి కిందికి చూసి వెళ్లిపోతాడు. కొత్త ప్రతిలో పతకాన్ని ఆమెకే తిరిగి ఇచ్చేస్తాడు, తర్వాత డిటెక్టివ్ వచ్చి సినిమాకు వెళ్దామా అంటాడు, ఇద్దరూ కలిసి నడుస్తారు. దుఃఖాన్ని కాస్త కూడా నిలవనివ్వలేదు.

బ్లాటీ వైపు న్యాయం లేదని అనను. ఆయన భక్తుడైన కేథలిక్కు, ఈ కథను విశ్వాసం గెలిచిన కథగా రాశాడు. చివరికి దెయ్యమే గెలిచిందనుకుని థియేటర్ల నుంచి జనం బయటికొస్తుంటే ఆయన తల్లడిల్లిపోయాడు. తన పుస్తకం తప్పుగా అర్థమవుతోందన్న రచయిత బాధ పెద్ద బాధే. ఫ్రీడ్‌కిన్ కూడా స్నేహం కొద్దీ ఒప్పుకున్నాడు. ఆ ప్రతి ఉండనివ్వండి, చూడాలనుకున్నవాళ్లు చూస్తారు. కానీ ప్రేక్షకుడు తప్పుగా అర్థం చేసుకునే హక్కును కూడా కళ ఇవ్వాలి. చేయి పట్టుకుని నడిపించాల్సిన అవసరం 1973లో ఎవరికీ రాలేదు. పది ఆస్కార్ నామినేషన్లు వచ్చింది ఆ 122 నిమిషాలకే. ఉత్తమ చిత్రం విభాగంలో నామినేషన్ పొందిన మొదటి హారర్ సినిమా అదే.

వచ్చిన రెండు ఆస్కార్లలో ఒకటి శబ్దానికి. ఆ శబ్దం మోనో, అంటే అంతా ఒకే చానెల్‌లో. పిల్ల తల గిర్రున తిరిగేటప్పుడు వచ్చే ఆ చప్పుడు, మెక్సికోకు చెందిన గొన్సాలో గవీరా అనే శబ్ద కళాకారుడు పాత తోలు పర్సును మైకు దగ్గర పెట్టి మెలితిప్పితే పుట్టింది. ఇవాళ అది గది నలుమూలల స్పీకర్లలో తిరుగుతుంది. బాగానే ఉంటుంది. కానీ ఎదురుగా ఒక్కచోటి నుంచే దూసుకొచ్చే ఆ పాత దెబ్బ వేరు. దాన్ని కూడా డిస్క్‌లో పెట్టడం హక్కులున్నవాళ్ల బాధ్యత.

ఇంట్లో ఏ సినిమా ఉండాలో ఎవరు నిర్ణయించాలన్న తగువు ఈ సినిమాకు పాతదే. బ్రిటన్‌లో థియేటర్లలో ఆడిన ఈ చిత్రానికి 1988లో వీడియో సర్టిఫికెట్ దొరకలేదు. 1999 దాకా అక్కడ ఈ క్యాసెట్ చట్టబద్ధంగా కొనడానికి లేదు. అక్కడి సెన్సార్ పెద్దలకు పిల్లల గురించి, ముఖ్యంగా టీనేజీ అమ్మాయిల గురించి టెన్షన్. అది తప్పనే అంటాను, కానీ ఆ నిషేధం కనీసం బాహాటంగా జరిగింది. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో అందరికీ తెలుసు.

ఇప్పుడు జరిగేది చప్పుడు లేకుండా జరుగుతోంది. 2023 జూన్‌లో ఇదే ఫ్రీడ్‌కిన్ తీసిన, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’లో జాతి దూషణ ఉన్న కొన్ని సెకన్ల ముక్క స్ట్రీమింగ్‌లో మాయమైంది. ప్రకటన లేదు, సంజాయిషీ లేదు. ప్రేక్షకులే కనిపెట్టారు. ఆ దూషణ సమర్థించేది కాదు. కథానాయకుడైన పోలీసు ఎలాంటివాడో చూపించేది అది, అందుకే అక్కడ ఉంది. డిస్క్ కొనుక్కున్నవాడి ఇంట్లో అది ఇంకా అలాగే ఉంది. నెలనెలా డబ్బు కట్టేవాడికి మాత్రం ఏది ఇస్తే అదే సినిమా.

మన దగ్గర ఈ పట్టింపు మరీ తక్కువ. 2010లో ‘మాయాబజార్’కు రంగులద్దినప్పుడు నిడివి తగ్గింది. 1957 నాటి నలుపు తెలుపు సినిమాలోని కొన్ని పాటలు, పద్యాలు రంగుల ప్రతిలోకి రాలేదు. రంగులు బాగున్నాయా లేదా అని వాదించుకున్నాం. పద్యాలు ఏమయ్యాయని అడిగినవాళ్లు ఎంతమంది? దర్శకుడు కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడలతో కట్టిన సినిమా అది. ఇప్పుడు 4కే రీరిలీజుల కాలం. అభిమాన హీరో పుట్టినరోజుకు పాత సినిమా కొత్తగా వస్తోంది, హాలంతా కాగితాల వాన. సంతోషమే. కానీ అది ఏ నెగెటివ్ నుంచి తీశారో, ఏ సీను ఎగిరిపోయిందో, సౌండ్ ఎవరు మార్చారో పోస్టర్ మీద ఒక్క లైను ఉండదు. నిర్మాతలు ఆ ఒక్క లైను వేయాలి. అడగాల్సింది మనం.

మొన్న దసరాకు అన్నయ్య కూతురు వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం. ఫోన్‌లో ఎక్సార్సిస్ట్ చూశానంది. భయమేసిందా అమ్మా అంటే కొంచెం అంది. ఆ పిల్లకే ఎందుకు అలా జరిగిందో అని నేను మాట కలపబోతే, “అదేంటి బాబాయ్, మెట్ల మీద ఆ తాత చెప్పాడుగా!” అంది. ఆ మాటలు లేని సినిమా ఒకటుందని చెప్పాను. వెంటనే ఫోన్‌లో వెతికింది. తన యాప్‌లో ఉన్నది పొడవాటిది ఒక్కటే. నా డిస్క్ చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, మా ఇంట్లో ప్లేయర్ లేదుగా అంది.

వచ్చే ఆదివారం ప్లేయర్ సంచిలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్తున్నాను.