పుస్తకాలకు దిష్టి తగలకుండా

నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. డెల్టాలో ఇవి సార్వా కోతల రోజులు. అల్పపీడనం కబురు వినబడగానే రైతు కళ్ళంలో ధాన్యం మీద బరకం కప్పుతాడు. వాన నుంచి ధాన్యాన్ని కాపాడుకోవడం అందరికీ తెలిసిందే. పిల్లల నుంచి పుస్తకాలను కాపాడుకునే పద్ధతిని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ శాస్త్రంగా రాసిపెట్టలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

బడి గ్రంథాలయం అలంకరణకు మొదటి సామగ్రి తాళం. చార్టు తరవాతి సంగతి. 6½ అడుగుల స్టీలు బీరువా తీసుకోండి. అద్దాల తలుపులదైతే మరీ శ్రేష్ఠం: కనబడుతుంది, అందదు. బొమ్మల పుస్తకాలన్నీ పై అరకెక్కించండి. మూడో తరగతి పిల్ల మునివేళ్ళ మీద నిలబడినా చెయ్యి అక్కడిదాకా పోదు. పుస్తకం అట్ట బయటికి కనబడనివ్వకండి, వీపు మాత్రమే కనబడాలి. 24 పేజీల పుస్తకానికి వీపు మీద పేరు వేసే చోటే ఉండదు కాబట్టి, అరలో నిలబెడితే అదేం పుస్తకమో దేవుడికే ఎరుక. మధ్యయుగాల యూరపులో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టేసేవారు. పాపం, వాళ్ళది సగం తెలివి. గొలుసు పొడవు ఉన్నంత మేర ఎవడైనా లాక్కుని చదివేసేవాడు. మన బీరువాలో ఆ లోపం లేదు.

1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయానికి అయిదు సూత్రాలు చెప్పి, అందులో మొదటిదే "పుస్తకాలు ఉపయోగించడానికే" అన్నారు. మన రిజిస్టర్ల సూత్రం వేరు. పుస్తకం పోతే, సంతకం పెట్టిన మాస్టారు జవాబు చెప్పాలి. పుస్తకాన్ని ఎవరూ చదవకపోతే ఎవరూ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఈ లెక్క అర్థమైన మాస్టారు తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటారంటే తప్పు పట్టడానికి లేదు.

ఇక గోడ. థర్మాకోలుతో కోసిన "పుస్తకం హస్తభూషణం" అక్షరాలు తప్పనిసరి. హస్తానికి ఎలాగూ అందదు కాబట్టి గోడకైనా భూషణం ఉండాలి కదండీ. కాకపోతే మన గోడలకు చెమ్మ ఎక్కువ. ఫెవికాల్ ఆరాలంటే అందులోని నీరు ఎటో ఒకటు పోవాలి. థర్మాకోలు నీరు పీల్చదు, నిమ్మెక్కిన గోడా పీల్చదు. మూడోరోజుకి "భూ" జారిపోయి "హస్తషణం" మిగులుతుంది. రెండువైపులా అంటుకునే టేపు వాడితే అక్షరం నిలుస్తుంది గానీ, వారోత్సవం అయ్యాక పీకినప్పుడు సున్నం పెచ్చుతో సహా ఊడొస్తుంది. అక్షరాలను ముందు 22 × 28 అంగుళాల చార్టు మీద అంటించి, బాగా ఆరాక, ఆ చార్టును మేకుకు తగిలించడం మంచి పద్ధతి. ఇందులో పుస్తకానికి ఏ ప్రమాదమూ లేదు.

ప్రమాదం తాడు దగ్గరుంది. కొన్ని బడుల్లో కిటికీ ఊచ నుంచి కిటికీ ఊచకు, నేల నుంచి 3 అడుగుల ఎత్తులో తాడు కట్టి, పుస్తకాలను బట్టలారేసినట్టు ఆరేస్తున్నారని వినికిడి. మధ్యలో పిన్ను కొట్టిన పలచటి పుస్తకాన్ని సగానికి తెరిచి తాడు మీద వేస్తే అట్ట పిల్లల వైపే తిరిగి ఉంటుంది. 10 అడుగుల తాడుకు డజను పుస్తకాలు పడతాయి. కోనసీమలో చవకే కదా అని కొత్త కొబ్బరి తాడు కడితే మాత్రం చెమ్మకు రంగు దిగి నడిమి పేజీకి గోధుమరంగు మరక పడుతుంది. అందుకే ఆ దుండగులు నైలాను తాడు వాడుతున్నారు. మధ్యలో కిందికి వేలాడకుండా 5 అడుగుల దగ్గర ఇంకో మేకు కూడా కొడుతున్నారు. జిగురు బైండింగు ఉన్న లావుపాటి పుస్తకం అలా వేస్తే వీపు విరుగుతుందని తెలిసి, వాటిని బెంచీ మీద అట్ట పైకి పెడుతున్నారు. ఇంత ముందుచూపు ఉన్నవాళ్ళతో జాగ్రత్తగా ఉండాలి. అక్కడ పిల్లలు అడగను కూడా అడగరు, తీసుకుపోతారు. మన దగ్గర అయితే పద్ధతి ఉంది:

"మేస్టారండీ, ఆ పుస్తకం ఓసారి ఇత్తారా అండీ?"

"ముట్టుకోకురా, రేపు పెద్దోళ్ళు చూడ్డానికొస్తున్నారు."

పుస్తక వృక్షం సంగతీ ఇంతే. ఖాకీ కాగితంతో మాను, పచ్చ కాగితంతో ఆకులు. చదివిన పిల్లే ఆకు మీద పుస్తకం పేరూ ఒక వాక్యమూ రాసి అంటించాలని అసలు నియమం. అలా చేస్తే మొదటి వారం చెట్టు మోడుగా ఉంటుంది. మోడుకు ఎవరు ఫొటో తీస్తారు? కాబట్టి తనిఖీ ముందు రాత్రి మాస్టారే కూర్చుని 60 ఆకులూ ఒకే దస్తూరీతో రాసెయ్యడం ఉత్తమం. పెన్నులు మాత్రం మార్చండి.

పుస్తకానికి పాత పేపరు చుట్టి, పైన "పడవ, మేక, అబద్ధం" అని మూడు మాటలు రాసి, లోపలేముందో చదివి చెప్పమనే ఆట ఇంకొకటి. ఇది అసలు వద్దు. టేపు వేసి చుడితే విప్పేటప్పుడు అట్ట చిరుగుతుంది. పురికొస కట్టి, పుస్తకం నంబరు పేపరు పైనే పెన్సిలుతో వేసుకుంటే ఏ చిక్కూ రాదు. అదే భయం.

పుస్తకాలకు చెమ్మ వాసన వస్తోందంటే కంగారు పడకండి. రోజూ బీరువా తెరిస్తే గాలాడి బూజు పట్టదు, గోడకు జానెడు ఎడంగా జరిపితే చెదలు త్వరగా ఎక్కవు. తెరవడం కుదరదు కనక కలరా ఉండలు వెయ్యండి. చీటీలకు మైదా పిండి జిగురు రాస్తే వెండిరంగు పురుగులు చేరతాయి. వాటికి పుస్తకం కన్నా జిగురే ఇష్టం. ఏమాటకామాటే, బడి మొత్తంలో ఆ పుస్తకాల్లో రుచి కనిపెట్టినవి అవే.

చివరిగా, గ్రంథాలయోద్యమానికి పితామహుడనిపించుకున్న అయ్యంకి వెంకట రమణయ్య గారు తూర్పు గోదావరి కొంకుదురులోనే పుట్టారు. ఆయన పటానికి దండ వెయ్యడం మరవకండి. 1935లో కృష్ణా డెల్టా కాలువల మీద పుస్తకాల పడవ ఊరూరా తిరిగింది. దాని గుర్తుగా థర్మాకోలు పడవ ఒకటి చెయ్యండి. ఖాళీగా ఉంటే బాగుండదు, లోపల రంగు కాగితాలు నింపండి.

21న అన్నీ విప్పి చుట్ట చుట్టి దాచాలి. చార్టు మీద సంవత్సరం విడి చీటీ మీద రాసి అంటిస్తే వచ్చే ఏడు అది మారిస్తే చాలు. చుట్టలకు బీరువాలో చోటు చాలకపోతే పై అరలో బొమ్మల పుస్తకాలు ఇంకొంచెం లోపలికి నెట్టండి.